జబ్బుపడిన నాటి జీతం

హిందూపురంలోని ఏ ముస్లిం మొహల్లాలోనైనా ఉదయం తొమ్మిది గంటల వేళ కనిపించే దృశ్యం ఇది. తల్లి చంక దిగనని మారాం చేసే మూడేండ్ల బిడ్డను అంగన్‌వాడీ ఆయా చేతులు చాచి అందుకుంటుంది. ముక్కు తుడుస్తుంది, కన్నీళ్ళు తుడుస్తుంది, చాప మీద తోటి పిల్లల నడుమ కూర్చోబెడుతుంది. ఇంట్లో దక్కనీ ఉర్దూ తప్ప మరో మాట వినని ఆ బిడ్డకు తొలి తెలుగు పలుకులు నేర్పేది అదే గదిలోని టీచరమ్మ. తల్లి నిశ్చింతగా వెనుదిరిగి తన పనికి వెళ్ళిపోతుంది.

ఆ నిశ్చింత మనకు ఎవరి వలన లభిస్తున్నదో మనం అరుదుగానే ఆలోచిస్తాము. అందుకే ఒక చిన్న ప్రశ్నను ఈ మాసం పాఠకుల ముందుంచుతున్నాము. ఆ ఆయాకు జ్వరం వచ్చిననాడు ఆమె ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది? ఆనాటి జీతం ఆమెకు దక్కుతుందా?

మూడు ఊళ్ళు, ఒకే అవసరం

2022 ఏప్రిల్ 4న ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ పేరున్న పట్టణాలే. మూడింటి జీవనవిధానాలు వేరు వేరు. హిందూపురం కర్ణాటక సరిహద్దున ఉన్న వ్యాపార కేంద్రం. చింతపండు, బెల్లం, పట్టుగూళ్ళ వ్యాపారంతో పాటు చుట్టుపక్కల వెలసిన పరిశ్రమలు కూడా ఇక్కడి స్త్రీలకు పని కల్పిస్తున్నాయి. పెనుకొండ విజయనగర రాజుల కాలపు కోటకు, బాబా ఫఖ్రుద్దీన్ దర్గాకు పేరుగాంచిన ఊరు. 2019లో ప్రారంభమైన కియా కార్ల కర్మాగారం ఈ మండలంలోని ఎర్రమంచి వద్దనే ఉన్నది. పని వెతుక్కుంటూ వచ్చి అద్దె ఇళ్ళలో కాపురముండే జంటలకు బిడ్డను చూసుకునేందుకు నానమ్మ, అమ్మమ్మ చెంత ఉండరు. ధర్మవరం పట్టుమగ్గాల ఊరు. అక్కడ ఇల్లే కార్ఖానా. భర్త మగ్గం గుంతలో కూర్చుంటే భార్య కండెలు చుడుతుంది. నడక నేర్చిన పసివాడు ఇంట్లో ఉంటే పడుగు మీద చేయి వేస్తాడు, పోగు తెంపుతాడు.

పనులు ఎన్ని రకాలైనా మూడు ఊళ్ళ తల్లులకూ ఉన్న అవసరం ఒక్కటే. పగటిపూట బిడ్డను నమ్మకంగా చూసుకునే ఒక మనిషి కావాలి. పేదవారికి ఆ మనిషి అంగన్‌వాడీలో దొరుకుతుంది. కాస్త స్తోమత ఉన్నవారు నర్సరీ బడిలో వేస్తారు. రెండు చోట్లా బిడ్డను ఎత్తుకునేది, తినిపించేది, మలమూత్రాలు శుభ్రం చేసేది ఒక ఆడకూతురే. రెండు చోట్లా ఆమె పరిస్థితి ఇంచుమించు ఒక్కటే.

చాకిరీకి ఉద్యోగిని, జీతానికి సేవకురాలు

అంగన్‌వాడీల వ్యవస్థ 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం పేరిట దేశంలోని 33 బ్లాకులలో ప్రయోగాత్మకంగా ఆరంభమైంది. నేడు ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే 55 వేలకు పైగా కేంద్రాలున్నాయి. ఆరేండ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు పౌష్టికాహారం అందించడం, పిల్లల బరువు, ఎత్తు కొలిచి నమోదు చేయడం, టీకాలకు తల్లులను పిలిపించడం, ఇల్లిల్లూ తిరగడం, మూడు నుండి ఆరేండ్ల పిల్లలకు పూర్వ ప్రాథమిక విద్య నేర్పడం వీరి బాధ్యతలు. 2021 నుండి ఈ వివరాలను పోషణ్ ట్రాకర్ అనే యాప్‌లో ఎక్కించే పని కూడా తోడయింది. 2025 జూలై నుండి ఇంటికి ఇచ్చే రేషన్‌కు లబ్ధిదారు ముఖాన్ని ఫోన్‌లో గుర్తించి సరిచూడడం తప్పనిసరి అయింది.

ఇంత చాకిరీ చేసే స్త్రీకి ప్రభుత్వ పత్రాలలో ‘ఉద్యోగిని’ అనే పేరు లేదు. ఆమె ‘గౌరవ సేవకురాలు’. ఆమెకు వచ్చేది జీతం అనిపించుకోదు, అది ‘గౌరవ వేతనం’. 2018 అక్టోబరు నుండి కేంద్రం నిర్ణయించిన మొత్తం టీచరుకు నెలకు 4,500 రూపాయలు, ఆయాకు 2,250 రూపాయలు. దానికి రాష్ట్రం కలిపి ఇచ్చిన మీదట ఆంధ్రప్రదేశ్‌లో 2019లో టీచరుకు 11,500, ఆయాకు 7,000 రూపాయలు అయ్యాయి.

సెలవుల సంగతి చూద్దాం. కేంద్ర నిబంధనల ప్రకారం వీరికి 180 రోజుల ప్రసూతి సెలవు, గర్భస్రావమైతే 45 రోజుల సెలవు, ఏడాదికి 20 రోజుల వార్షిక సెలవు ఉన్నాయి. ఇవి మంచివే. అయితే జబ్బు సెలవు అనే పద్దు వేరే లేదు. పెళ్ళికైనా, చావుకైనా, బిడ్డ చదువు పనికైనా, తన జ్వరానికైనా ఆ ఇరవై రోజులే.

పోలిక కోసం మరో చట్టాన్ని చూడండి. ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం 1988 బజారులో బట్టలకొట్టు గుమాస్తాకు ఇతర సెలవులతో పాటు ఏడాదికి 12 రోజులు జబ్బు సెలవును జీతంతో సహా ఇవ్వాలని చెబుతున్నది. బట్టలు మడతపెట్టే చేతులకు ఉన్న ఈ హక్కు బిడ్డలను పెంచే చేతులకు లేదు.

ఒక కుటుంబపు లెక్క

మాటల కంటే అంకెలు స్పష్టంగా చెబుతాయి. నెలకు 7,000 రూపాయలు పొందే ఆయాకు రోజుకు పడేది 233 రూపాయలు. ఆమెకు గర్భసంచి ఆపరేషన్ జరిగిందనుకుందాం. మన ప్రాంతపు స్త్రీలలో ఇది అపురూపమైన సంగతి కాదు. వైద్యులు సాధారణంగా ఆరు వారాల పాటు బరువులు ఎత్తవద్దంటారు. ఆయా పని అంటేనే బరువులెత్తడం. బియ్యం మూట, నీళ్ళ బిందె, గ్యాస్ సిలిండర్, ఏడ్చే పసివాడు. ఆరు వారాలంటే 42 రోజులు. ఏడాది సెలవులు ఒక్కటీ వాడుకోకుండా దాచుకున్నా 22 రోజులు మిగిలిపోతాయి. ఆ 22 రోజులకు జీతం లేకపోతే ఆమె నష్టపోయేది 5,100 రూపాయలకు పైమాటే. సెలవులన్నీ అప్పటికే అయిపోయి ఉంటే 9,800 రూపాయలు.

2024 ఫిబ్రవరిలో కేంద్ర మధ్యంతర బడ్జెట్ అంగన్‌వాడీ టీచర్లను, ఆయాలను ఆయుష్మాన్ భారత్ పథకంలో చేర్చుతున్నట్లు ప్రకటించింది. ఇది హర్షించదగినదే. కాని ఆ పథకం చెల్లించేది ఆస్పత్రి ఖర్చు. ఆస్పత్రి నుండి వచ్చి మంచం పట్టిన నెలలో ఇంటి అద్దె, పిల్లల ఫీజు, కిరాణా బాకీ ఎవరు తీరుస్తారు? చికిత్సకు డబ్బు దొరికి, విశ్రాంతికి దొరకకపోతే ఆ స్త్రీ కుట్లు ఆరకముందే పనికి వస్తుంది. వైద్యుడి మాటను ఆమె లక్ష్యపెట్టక రావడం లేదు, గతిలేక వస్తున్నది.

ఆమె జబ్బు మన ఇంటికీ వస్తుంది

ఇది పరాయివారి కష్టమని తలచే పాఠకులుంటే వారికి మరో సంగతి మనవి చేస్తున్నాము. పసిపిల్లల మధ్య పనిచేసేవారికి జలుబు, దగ్గు, కండ్లకలక, గవదబిళ్ళలు, గజ్జి ఊరికే అంటుకుంటాయి. పిల్లల నుండి ఆమెకు, ఆమె నుండి తక్కిన పిల్లలకు, ఆ పిల్లల నుండి మన ఇళ్ళకు వస్తాయి. వాంతులు, విరేచనాలతో ఉన్న స్త్రీ నలభై మందికి వంట చేయరాదు. టైఫాయిడ్ వచ్చిన ఆయా పూర్తిగా నయమయ్యేదాకా అన్నం వడ్డించరాదు. ఇది అందరికీ తెలిసిన ఆరోగ్య సూత్రమే.

కాని ఒక రోజు ఇంటిపట్టున ఉంటే ఆ రోజు కూలి పోతుందన్న భయం ఉన్నప్పుడు ఎవరు సెలవు పెడతారు? జ్వరం మాత్ర వేసుకుని, కొంగు నడుముకు దోపుకుని వచ్చేస్తారు. రావడం ఆమె తప్పని మనం అంటాము. రాకపోతే పస్తుండమని కూడా మనమే అంటున్నాము. ఆమె జబ్బు రోజులకు జీతం ఇవ్వడం ఆమెకు చేసే ఉపకారమే కాక మన బిడ్డల ఆరోగ్యానికి కట్టుకున్న కంచె కూడా. జర్మనీలో ఉద్యోగి జబ్బుపడితే ఆరు వారాల దాకా యజమాని పూర్తి జీతం చెల్లించాలని చట్టమే ఉన్నది. జబ్బుపడినవారు నిర్భయంగా ఇంటిపట్టున ఉండగలగడం సమాజానికంతటికీ మేలని అటువంటి చట్టాలు గుర్తించాయి.

కోర్టులు, సమ్మెలు

ఈ స్త్రీల హక్కుల పోరాటం చాలాకాలంగా సాగుతున్నది. హిందూపురానికి కూతవేటు దూరంలోని కర్ణాటక నుండి వెళ్ళిన ఒక కేసు సుప్రీంకోర్టు తీర్పుల్లో ‘అమీర్‌బీ కేసు’గా నిలిచిపోయింది. అంగన్‌వాడీ కార్యకర్తలవి ప్రభుత్వ సివిల్ పోస్టులు కావని 2006 డిసెంబరులో కోర్టు ఆ కేసులో తీర్పు చెప్పింది. ఆ తరువాత చాలా ఏండ్ల పాటు వీరి ప్రతి కోరికకూ ఆ తీర్పే అడ్డుగోడగా నిలిచింది.

2022 ఏప్రిల్ 25న ఆ గోడకు ఒక కిటికీ తెరుచుకున్నది. గుజరాత్‌లోని దాహోద్ జిల్లా నుండి వచ్చిన కేసులో జస్టిస్ అజయ్ రస్తోగీ, జస్టిస్ అభయ్ ఎస్. ఓకాల ధర్మాసనం అంగన్‌వాడీ టీచర్లకు, ఆయాలకు 1972 నాటి గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని తీర్పునిచ్చింది. పేరు గౌరవ వేతనమైనా ఆ చట్టం దృష్టిలో అది వేతనమేనని తేల్చింది. వీరి పని పరిస్థితులను మెరుగుపరచే మార్గాలను కేంద్ర రాష్ట్ర ప్రభుత్వాలు ఆలోచించవలసిన సమయం వచ్చిందని కూడా గుర్తుచేసింది. అంతకుముందే 2013లో జరిగిన 45వ భారత కార్మిక సదస్సు ఇటువంటి పథకాలలో పనిచేసేవారిని కార్మికులుగా గుర్తించాలని, కనీస వేతనం, సామాజిక భద్రత కల్పించాలని సిఫారసు చేసి ఉన్నది.

2023 డిసెంబరు 12న ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీ సిబ్బంది సమ్మెకు దిగారు. జీతాల పెంపు, గ్రాట్యుటీ వంటి కోర్కెల సరసన వేతనంతో కూడిన వైద్య సెలవు కూడా వారి కోర్కెల పట్టికలో ఉన్నది. 2024 జనవరిలో ప్రభుత్వం ఎస్మా ప్రయోగించి వీరి పనిని అత్యవసర సేవగా ప్రకటించింది. చర్చల అనంతరం 42 రోజుల సమ్మె జనవరి 22 రాత్రి ముగిసింది. ఏ ప్రభుత్వం, ఏ పార్టీ అన్న చర్చలోకి మేము పోదలచుకోలేదు. ఒక్క వైపరీత్యాన్ని మాత్రం పాఠకులు గమనించాలి. పని మానితే అది అత్యవసర సేవ. జీతం అడిగితే అది స్వచ్ఛంద సేవ. ఒకే పనికి ఈ రెండు పేర్లూ ఎలా పొసగుతాయి?

పాలిచ్చిన తల్లి వేతనం

బిడ్డలను సాకేవారి ప్రతిఫలం గురించి ఇస్లాం మౌనం వహించలేదు. దివ్య ఖుర్ఆన్ సూరా తలాఖ్ 6వ వచనం విడాకుల వంటి మనసులు విరిగిన సందర్భంలో కూడా బిడ్డకు పాలిచ్చే స్త్రీకి ఆమె ప్రతిఫలం చెల్లించాలని ఆదేశిస్తున్నది. సూరా బఖరా 233వ వచనం బిడ్డకు దాయిని కుదుర్చుకునేవారు ఆమెకు ఇవ్వవలసినది ధర్మసమ్మతంగా ఇవ్వాలని షరతు పెడుతున్నది. పిల్లలను సాకే పని ప్రేమతో చేసేదే అయినా, అది ప్రతిఫలానికి అర్హమైన పని అని ఈ వచనాల నుండి మనం గ్రహించాలి. ప్రేమ ఉన్నది కనుక జీతం తక్కువైనా ఫరవాలేదనే వాదన ఇక్కడ చెల్లదు.

దైవప్రవక్త ముహమ్మద్ (స) స్వయంగా హజ్రత్ హలీమా సాదియా (రజి) ఒడిలో పెరిగినవారు. తనను చిన్ననాడు సాకిన ఉమ్మె ఐమన్ (రజి)ను ఆయన జీవితాంతం తల్లిలా గౌరవించారు. శ్రామికుని చెమట ఆరకముందే కూలి ఇచ్చివేయమని బోధించారు. పని పూర్తిగా చేయించుకుని కూలి ఎగవేసినవాడికి ప్రళయదినాన తానే ప్రతివాదినవుతానని అల్లాహ్ హెచ్చరించినట్లు బుఖారీ హదీసు తెలుపుతున్నది.

మన అంశానికి అన్నింటికన్నా దగ్గరగా ఉన్న బోధన మరొకటి ఉన్నది. దాసుడు జబ్బుపడినప్పుడు అతడు ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో చేస్తుండిన సత్కార్యాల పుణ్యమే అతని ఖాతాలో వ్రాయబడుతూ ఉంటుందని బుఖారీ గ్రంథంలోని హదీసు సారాంశం. మంచాన పడి రాత్రి నమాజుకు లేవలేకపోయినవాడి పుణ్యంలో కోత పడదు. ప్రతిఫలమిచ్చే ప్రభువు మనతో ఇలా వ్యవహరిస్తుండగా, మన కింద పనిచేసే ఆయా జ్వరపడిన మూడు రోజులకు ఆరు వందల రూపాయలు కోసుకునే మనం ఏ ముఖం పెట్టుకుని ఆయన ముందు నిలబడగలము?

మన బడుల సంగతి

ఈ ప్రశ్నను ప్రభుత్వం వైపు విసిరి ఊరుకోవడం తేలిక. మన ఊళ్ళలో మన జమాఅత్‌లు, కమిటీలు, వ్యక్తులు నడిపే నర్సరీ బడులున్నాయి, మక్తబ్‌లున్నాయి. అక్కడ ఆయాలుగా, ఆపాలుగా పనిచేసేది ఎక్కువగా మన ఆడపడుచులే. వారిలో వితంతువులున్నారు, విడాకులు పొందినవారున్నారు, భర్త సంపాదన చాలనివారున్నారు. నియామక పత్రం లేదు, హాజరు పట్టీ తప్ప మరో కాగితం లేదు. “నాలుగు రోజులు రాలేదు, నాలుగు రోజులు తీసేశాము” అనే మాట మనకు తప్పుగా తోచదు. వేసవి సెలవుల్లో జీతం ఉండదన్నది చెప్పనక్కరలేని షరతు. మరీ ఎక్కువ రోజులు మంచం పడితే ఆమె చోట మరొకరు వస్తారు. మేమూ ఇందుకు అతీతులం కాము. మా పిల్లలను చూసుకున్న ఆయా వారం రోజులు రాకపోతే “మరెవరైనా ఉన్నారా?” అని విచారించామే గాని, ఆమెకు ఏమైందని మొదట అడగలేదు.

సవాబ్ కోసం చేసే పని అంటూ ఆమె జీతం తగ్గిస్తాము. సవాబ్ ఆమెకు అల్లాహ్ ఇచ్చేది. జీతం మనం ఇవ్వవలసినది. ఒకదాని లెక్కలో మరొకటి జమ వేసుకునే అధికారం మనకు లేదు. ఆమె జబ్బుపడినప్పుడు రమజాన్‌లో కొంత జకాత్ ఇచ్చి సరిపెట్టుకోవడం కూడా న్యాయం కాదు. యజమాని తానిచ్చే వేతనం బాకీని జకాత్‌తో తీర్చజాలడు.

మోయలేనంత భారమా?

“మా బడికి అంత స్తోమత లేదు” అన్నది తరచు వినిపించే జవాబు. లెక్క వేసి చూద్దాం. ఒక నర్సరీ బడిలో 60 మంది పిల్లలు, నెలకు 9,000 రూపాయల జీతం మీద ఇద్దరు ఆయాలు ఉన్నారనుకుందాం. రోజు జీతం 300 రూపాయలు. దుకాణపు గుమాస్తాకు చట్టం ఇచ్చినట్లే ఏడాదికి 12 రోజుల జబ్బు సెలవు ఇస్తే ఒక్కొక్కరికి 3,600, ఇద్దరికీ కలిపి 7,200 రూపాయలు. ఆ రోజులకు మారుగా వచ్చే మనిషికి చెల్లించడానికి ఈ మొత్తం సరిపోతుంది. 60 మంది పిల్లలకు పంచితే ఒక్కొక్కరిపై ఏడాదికి 120, నెలకు 10 రూపాయలు. అది బజారులో ఒక టీ ధర.

పదిమంది, అంతకు మించి సిబ్బంది ఉండి ఇ.ఎస్.ఐ. వర్తించే సంస్థలకు మార్గం మరింత సుగమం. నెలకు 21,000 రూపాయలలోపు జీతగాళ్ళకు యజమాని 3.25 శాతం, ఉద్యోగి 0.75 శాతం చెల్లిస్తారు. 9,000 జీతానికి యజమాని వాటా 292 రూపాయల 50 పైసలు, ఉద్యోగి వాటా 67 రూపాయల 50 పైసలు. దీనివలన కుటుంబానికి వైద్యం లభించడమే కాక, నిర్ణీత చందా రోజులు పూర్తయినవారికి జబ్బుపడినప్పుడు ఏడాదిలో 91 రోజుల వరకు జీతంలో 70 శాతం భృతి దొరుకుతుంది. ఇది దానం కాదు, చట్టం కల్పించిన హక్కు. మన సంస్థలలో ఎన్ని ఈ నమోదు చేయించాయో ప్రతి కమిటీ తన రికార్డులు తీసి చూసుకోవాలి.

మనం చేయదగినవి

బడులు నడిపే పెద్దలకు మా మనవి ఇది. ఆయాకు, ఆపాకు జీతం, పనివేళలు, సెలవులు వ్రాసిన ఒక కాగితం చేతికివ్వండి. వ్యవహారాలను వ్రాసుకోవడం ఖుర్ఆన్ మనకు నేర్పిన క్రమశిక్షణే. ఏడాదికి కనీసం 12 రోజుల జబ్బు సెలవు జీతంతో ఇవ్వండి. జ్వరం, వాంతులు, కండ్లకలక ఉన్నవారిని ఇంటికి పంపండి, జీతం మాత్రం కోయకండి. జబ్బు కాలంలో పిలవడానికి తెలిసిన మరో మనిషిని ముందే కుదుర్చుకోండి.

తల్లిదండ్రులకు మా మనవి మరొకటి. ఫీజు గురించి బేరమాడేటప్పుడు, బడిలో ఆయాకు జబ్బు సెలవు ఉందా అని ఒక్కమాట అడగండి. పదిమంది తల్లులు అడిగితే పదకొండవ రోజు కమిటీ ఆలోచిస్తుంది. జ్వరంగా ఉన్న బిడ్డను మాత్ర వేసి బడికి పంపకండి. మీ మొహల్లా అంగన్‌వాడీ టీచరు సెలవు పెట్టిన రోజున ఆమెను నిందించే ముందు ఆమె ఇంటికి వెళ్ళి పరామర్శించండి. రోగి పరామర్శ ముస్లింపై ఉన్న హక్కులలో ఒకటి, ఆమె మనవారైనా కాకపోయినా అది మానవ ధర్మమే. మన తరఫున అధికారులకు, ప్రజాప్రతినిధులకు ఇచ్చే వినతిపత్రాలలో రోడ్లు, నీళ్ళ సరసన అంగన్‌వాడీ సిబ్బందికి వేతనంతో కూడిన జబ్బు సెలవును కూడా చేర్చండి.

రేపు ఉదయం తొమ్మిది గంటలకు మీ బిడ్డను అందుకునే ఆ చేతులను ఒక్కసారి పరికించి చూడండి. వెచ్చగా తగిలితే అది ప్రేమ వెచ్చదనమో, జ్వరపు వేడిమో అడిగి తెలుసుకోండి. జ్వరమైతే, “ఇంటికి వెళ్ళి పడుకోమ్మా, ఈ రోజు జీతం నీకు వస్తుంది” అని చెప్పగలిగిన స్థితికి మన బడులను, మన ఊళ్ళను తెచ్చుకోవడం మన చేతిలోని పని. దాసుల హక్కులను నెరవేర్చే భాగ్యాన్ని అల్లాహ్ మనకందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.